కుటుంబంతో అమెరికా చదువు: యూనివర్సిటీ ఫ్యామిలీ అపార్ట్‌మెంటా, బయట అద్దె ఇల్లా?

అమెరికా చదువు అనగానే మన వాట్సాప్ గ్రూపుల్లో ఇంటి గురించి దొరికే సలహాలన్నీ ఇరవై రెండేళ్ళ కుర్రాళ్ళ కోసం చెప్పినవే. నలుగురు కలిసి డబుల్ బెడ్రూమ్ తీసుకోండి, హాల్లో ఇద్దరు సర్దుకోండి, వంటకి వంతులు వేసుకోండి, ఖర్చు తగ్గిపోతుంది. వాళ్ళకి అది బాగానే సరిపోతుంది. కానీ ముప్ఫై మూడేళ్ళ వయసులో హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి పీహెచ్‌డీకి బయల్దేరే ఆయనకి, భర్తనీ మూడేళ్ళ పాపనీ వెంటబెట్టుకుని వెళ్ళే ఆవిడకి, పిల్లాడితో ఒంటరిగా వెళ్ళే తల్లికి, పెళ్ళైన ఏడాదే ఎంఎస్ సీటొచ్చిన జంటకి ఆ సలహాల్లో పనికొచ్చేది చాలా తక్కువ. ఇలాంటివాళ్ళు ప్రతి పెద్ద క్యాంపస్‌లో ఉన్నారు. చాలా యూనివర్సిటీలు వీళ్ళ కోసం వేరే ఇళ్ళే కట్టి పెట్టాయి. ఆ ఇళ్ళ సంగతి మనవాళ్ళలో ఎక్కువమందికి ఆగస్టులో విమానం దిగాక తెలుస్తుంది, అప్పటికి వెయిట్‌లిస్ట్ చాంతాడంత అయి ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇల్లు ఎంచుకునేటప్పుడు చదువుకునే మనిషిని కాదు, రోజంతా ఆ ఇంట్లో ఉండే మనిషిని చూసి ఎంచుకోండి. చదువుకునేవాళ్ళకి క్లాసులుంటాయి, ల్యాబ్ ఉంటుంది, మాట్లాడటానికి పది మంది ఉంటారు, ఇంటికి వచ్చేది నిద్రకే. ఎఫ్-2 (విద్యార్థి భార్య/భర్తకి, పిల్లలకి ఇచ్చే డిపెండెంట్ వీసా) మీద వెంట వచ్చిన భార్యకో భర్తకో ఉద్యోగం చేసే హక్కు లేదు, ఫుల్‌టైమ్ డిగ్రీలో చేరే వీలు లేదు (2015 నుంచి పార్ట్‌టైమ్ కోర్సులు మాత్రం తీసుకోవచ్చు), మొదటి ఏడాది సాధారణంగా కారు ఉండదు, బయట మైనస్ పదిహేను డిగ్రీల చలిలో పిల్లని స్ట్రోలర్‌లో పెట్టుకుని రోడ్డు మీద నడవలేరు. ఆ మనిషికి మెట్లు దిగగానే ఇంకో తల్లో తండ్రో కనిపిస్తారా, నడిచి వెళ్ళే దూరంలో పార్కో కమ్యూనిటీ సెంటరో ఉందా, బస్సు గుమ్మం ముందు ఆగుతుందా అన్నదాని మీద ఆ కుటుంబం మొత్తం మనశ్శాంతి ఆధారపడి ఉంటుంది. నెలకి నూట యాభై డాలర్లు మిగిలాయని ఎవరూ తెలియని చోట ఇల్లు తీసుకుని, ఆరు నెలలు తిరగకుండానే వెంట వచ్చిన మనిషి టికెట్ కొనుక్కుని ఇండియాకి వెళ్ళిపోయిన ఇళ్ళు నాకు తెలుసు.

ఈ ఫ్యామిలీ అపార్ట్‌మెంట్లు అసలేమిటి

1944లో అమెరికా ప్రభుత్వం యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికులకి చదువు ఖర్చు ఇచ్చే చట్టం చేసింది. దాంతో కాలేజీలకి పెళ్ళైనవాళ్ళు, పిల్లలున్నవాళ్ళు వేల సంఖ్యలో వచ్చి పడ్డారు. హాస్టల్ గదుల్లో వాళ్ళు పట్టరు కదా, అందుకని ట్రెయిలర్లు, యుద్ధకాలపు షెడ్లు, ఏది దొరికితే అది ఇళ్ళుగా మార్చారు. మాడిసన్‌లో ఉన్న విస్కాన్సిన్ యూనివర్సిటీ అయితే ఆ ఊరికి ముప్ఫై అయిదు మైళ్ళ దూరంలో ఉన్న మందుగుండు ఫ్యాక్టరీ కార్మికుల ఇళ్ళని కూడా వాడుకుంది, అక్కడి నుంచి రోజూ బస్సుల్లో క్లాసులకి వచ్చేవాళ్ళు. బర్క్‌లీ యూనివర్సిటీకి పక్కనున్న ఆల్బనీ ఊళ్ళో ఉన్న ఫ్యామిలీ విలేజ్ కూడా యుద్ధకాలంలో కార్మికుల కోసం వేసిన కాలనీతోనే మొదలైంది, ఇప్పుడున్న బిల్డింగులు తర్వాత కట్టినవి.

అలా పుట్టిన పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. మాడిసన్‌లో ఈగిల్ హైట్స్, ఆన్ ఆర్బర్‌లో మిషిగన్ యూనివర్సిటీ నార్త్ క్యాంపస్‌లో నార్త్‌వుడ్, అర్బనాలో ఇల్లినాయి యూనివర్సిటీ ఆర్చర్డ్ డౌన్స్, స్టాన్‌ఫర్డ్‌లో ఎస్కాండీడో విలేజ్, ఎంఐటీలో వెస్ట్‌గేట్, ఇవన్నీ ఆ కోవలోవే. అయితే ఇవి అన్నిచోట్లా ఎప్పటికీ ఉంటాయనుకోవద్దు. మిషిగన్ స్టేట్‌లో స్పార్టన్ విలేజ్ కూల్చేశారు, ఒహాయో స్టేట్‌లో బకై విలేజ్ మూసేశారు. కాబట్టి పదేళ్ళ కిందట అక్కడ చదివిన అన్నయ్య చెప్పిన పేరు పట్టుకుని కూర్చోకుండా, ఈ ఏడాది హౌసింగ్ ఆఫీస్ వెబ్‌సైట్‌లో ఆ పేరు ఉందో లేదో చూసుకోండి.

ఇంకో జాగ్రత్త. యూనివర్సిటీ అపార్ట్‌మెంట్లు అని పేరున్న ప్రతిదీ ఫ్యామిలీ కోసం కాదు. నాలుగు బెడ్రూములు, నలుగురు అపరిచితులు, ఒక్కొక్కరికి ఒక్కో గది లీజ్, మధ్యలో అందరికీ ఒకటే వంటగది, ఇలాంటివి ఎక్కువ. వాటిలో భార్యాభర్తలు ఉండటానికే ఒప్పుకోరు, పిల్లల మాట చెప్పనక్కర్లేదు. ఫొటోల్లో స్విమ్మింగ్ పూల్ చూసి మురిసిపోకుండా, లీజ్ గదికా ఇంటి మొత్తానికా అన్న ఒక్క ప్రశ్న ముందు అడగండి.

సంతకం పెట్టే ముందు వాళ్ళేం అడుగుతారు

బయట అపార్ట్‌మెంట్ కంపెనీకి అప్లై చేస్తే సోషల్ సెక్యూరిటీ నంబర్ (అమెరికా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబర్) అడుగుతారు, క్రెడిట్ స్కోర్ చూస్తారు, నెల ఆదాయం అద్దెకి మూడింతలు ఉండాలంటారు. అద్దె 1,200 డాలర్లైతే మీకు నెలకి 3,600 రావాలి. అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలో బోధనలోనో పరిశోధనలోనో సాయం చేసే పని) స్టైపెండ్ మీద బతికే పీహెచ్‌డీ విద్యార్థికి అంత ఎక్కడిది? అప్పుడు అమెరికాలో ఉన్న ఎవరైనా హామీ సంతకం పెట్టాలి, లేదా హామీ ఇచ్చే కంపెనీకి ఫీజు కట్టాలి, లేదా కొన్ని నెలల అద్దె ముందే కట్టాలి. కొత్తగా దిగిన కుటుంబానికి ఇదే పెద్ద టెన్షన్. బాబాయ్ కొడుకు న్యూజెర్సీలో ఉన్నాడు, సంతకం పెడతాడు అనుకుంటారు, తీరా అడిగితే వాళ్ళకీ ఇంటి లోన్ ఉంది, ఇంట్లో ఒప్పుకోవట్లేదు అంటారు, వాళ్ళని తప్పుపట్టడానికీ లేదు.

యూనివర్సిటీ ఇళ్ళకి ఇదేమీ అక్కర్లేదు. మీరు అక్కడ విద్యార్థి, అదే మీ అర్హత. భార్యాభర్తలైతే పెళ్ళి సర్టిఫికెట్, పిల్లలుంటే బర్త్ సర్టిఫికెట్ అడుగుతారు. పెళ్ళి రిజిస్టర్ చేయించుకోకుండా శుభలేఖ, ఫొటోలతో సరిపెట్టుకున్నవాళ్ళు వీసాకి ఎలాగూ చేయించాలి కాబట్టి ఆ పని అడ్మిషన్ రాగానే మొదలుపెట్టండి. బర్త్ సర్టిఫికెట్ మీద పాప పేరు లేకుండా ఖాళీగా ఉండటం మన మునిసిపాలిటీల్లో మామూలే, అది కూడా పేరు ఎక్కించి తెచ్చుకోండి, తర్వాత స్కూల్లో చేర్చేటప్పుడూ అదే కాగితం అడుగుతారు.

డిపాజిట్ విషయంలో రాష్ట్రాన్ని బట్టి రూల్ మారుతుంది. కాలిఫోర్నియాలో 2024 జూలై నుంచి ఎక్కువమంది యజమానులు ఒక నెల అద్దెకి మించి డిపాజిట్ తీసుకోకూడదు, మిషిగన్‌లో నెలన్నర దాకా తీసుకోవచ్చు. ఇల్లు ఖాళీ చేశాక విస్కాన్సిన్‌లో, కాలిఫోర్నియాలో 21 రోజుల్లో లెక్క చెప్పి మిగిలింది తిరిగివ్వాలి. ఏ ఇల్లయినా తాళం చేతికొచ్చిన రోజే ప్రతి గోడా, కార్పెట్ మీద ప్రతి మరకా, స్టవ్, ఫ్రిజ్ లోపలా ఫోన్‌లో వీడియో తీసి ఆ రోజే వాళ్ళకి మెయిల్ చేయండి. పిల్లలున్న ఇంట్లో గోడ మీద క్రేయాన్ గీతలు పడటం ఖాయం. అవి మీ పాప గీసినవా, అంతకుముందు పాప గీసినవా అన్నది రెండేళ్ళ తర్వాత ఎవరూ తేల్చలేరు.

పిల్లలున్నారని ఇల్లు ఇవ్వనంటే అది చట్టవిరుద్ధం. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టంలో పిల్లలున్న కుటుంబాలకి రక్షణని 1988లో చేర్చారు. చిన్న చిన్న మినహాయింపులున్నాయి గానీ అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులకి అవి వర్తించవు, వృద్ధుల కోసమే నడిపే కాలనీలు తప్ప. ఇంతమందే ఉండాలని పరిమితి పెట్టే హక్కు మాత్రం వాళ్ళకి ఉంది, బెడ్రూమ్‌కి ఇద్దరు అన్నది ఎక్కువ చోట్ల నడిచే లెక్క. అంటే భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉంటే డబుల్ బెడ్రూమ్ తప్పదు. నెలల పాప ఒక్కతే ఉంటే సింగిల్ బెడ్రూమ్‌లో సర్దుకోనిస్తారా అన్నది అడిగి, జవాబు మెయిల్‌లో రాయించుకోండి.

అద్దె అంకె చూడొద్దు, నెల ఖర్చు చూడండి

మనవాళ్ళు పోల్చేది అద్దె అంకెని. యూనివర్సిటీ ఇల్లు 1,400, బయట 1,200, కాబట్టి బయటే నయం అనేస్తారు. ఈ అంకెలు ఉదాహరణకి చెప్తున్నవే, మీ ఊరి అంకెలు పెట్టుకుని చూడండి. ఈగిల్ హైట్స్ లాంటి చోట్ల హీటింగ్, నీళ్ళు, ఇంటర్నెట్ అద్దెలోనే కలిసి ఉంటాయి. బయట హీటింగూ కరెంటూ కలిపి ఏడాది సగటు నెలకి 130 అనుకోండి, నెట్ 60, రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దె ఇంట్లో మన సామాన్లకి బీమా) 15. అక్కడికే 1,405 అయింది. చలి ఊళ్ళో జనవరి, ఫిబ్రవరి బిల్లు సగటు కంటే చాలా పైన ఉంటుంది, పాప ఉందని హీటర్ తగ్గించలేరు. ఆ బయటి ఇల్లు బస్సు రూటుకి దూరమైతే కారు కావాలి, కొత్తగా లైసెన్స్ తీసుకున్నవాళ్ళకి ఇన్సూరెన్స్ ఎక్కువ, దానికో 150, పెట్రోలుకో 80 వేసుకుంటే 1,635. కారు కొన్న డబ్బు, చలికాలంలో బ్యాటరీ పోవడం, టైర్లు, ఇవేవీ ఇందులో లేవు.

మాడిసన్‌లో 80 నంబర్ బస్సు ఈగిల్ హైట్స్ నుంచి క్యాంపస్‌కి టికెట్ లేకుండా తీసుకెళ్తుంది. ఆల్బనీ విలేజ్ నుంచి బర్క్‌లీకి 52 నంబర్ బస్సు ఉంది. మిషిగన్ నార్త్ క్యాంపస్ నుంచి యూనివర్సిటీ బస్సులు ఉచితం. బస్సు ఉందా అని మాత్రమే అడిగితే సరిపోదు, ఆదివారం ఎన్ని గంటలకి ఒకటి వస్తుంది, సెమిస్టర్ సెలవుల్లో తిరుగుతుందా, గ్రోసరీ షాపు దగ్గర ఆగుతుందా, ఇవి చూడండి. క్యాంపస్‌కి పది నిమిషాలకో బస్సు ఉండి, బియ్యం బస్తా కొనే ఇండియన్ స్టోర్‌కి రెండు బస్సులు మారాల్సి వస్తే ఇంట్లోవాళ్ళు నెలంతా ఎవరినో ఒకరిని లిఫ్ట్ అడుగుతూ బతకాలి.

యూనివర్సిటీ ఇళ్ళల్లో లేనివి కూడా చెప్పాలి. చాలావాటికి వయసు అయిపోయింది. ఇంట్లో వాషింగ్ మెషీన్ ఉండదు, లాండ్రీ గది వేరే బిల్డింగ్‌లో ఉంటే మంచులో బుట్ట పట్టుకుని వెళ్ళాలి. డిష్‌వాషర్ ఉండకపోవచ్చు, ఏసీ లేకపోవచ్చు. వంటగదిలో స్టవ్ మీద ఉండే ఫ్యాన్ పొగని బయటికి పంపకుండా ఒక జాలీలోంచి లాగి మళ్ళీ మన మొహం మీదకే ఊదుతుంది, ఎండుమిరపకాయల పోపు పెడితే అలారం మోగుతుంది. అందుకని ఫ్యాన్ గొట్టం బయటికి వెళ్తుందా లేదా, వంటగదిలో తెరిచే కిటికీ ఉందా అని అడగడం చిన్న ప్రశ్నేం కాదు, రోజుకి రెండు పూటలు వండేవాళ్ళకి ముఖ్యమైన ప్రశ్న. 1978కి ముందు కట్టిన ఇల్లయితే సీసం కలిసిన పెయింట్ గురించి తమకు తెలిసింది లీజ్‌తో పాటు కాగితం మీద చెప్పాలని ఫెడరల్ రూల్ ఉంది, యూనివర్సిటీ ఇల్లయినా బయట ఇల్లయినా అంతే. ఆరేళ్ళ లోపు పిల్లలుంటే ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దు, కిటికీ చట్రాల దగ్గర పెయింట్ పెచ్చులూడుతుంటే మొదటి రోజే మెయింటెనెన్స్‌కి చెప్పండి.

పిల్లలుంటే

ఇక్కడ నాకు సందేహమే లేదు, యూనివర్సిటీ ఇల్లే మేలు. కారణం పక్కింటివాళ్ళు. ఈగిల్ హైట్స్‌లో వెయ్యికి పైగా ఇళ్ళున్నాయి, ఎక్కువ భాగం వేరే వేరే దేశాల నుంచి వచ్చిన కుటుంబాలే. కింద ఇసుకలో ఆడుకునే పిల్లల్లో కొరియా పిల్లా, బ్రెజిల్ పిల్లాడూ, నైజీరియా పిల్లలూ ఉంటారు. ఎవరికీ ఇంగ్లిష్ పూర్తిగా రాదు, అయినా ఆట ఆగదు. మన పిల్ల ఒక్కతే వేరేగా ఉందన్న బెంగ అక్కడ ఉండదు. పిల్లల పక్కన నిలబడ్డ తల్లులూ తండ్రులూ కూడా అదే స్థితిలో ఉన్నవాళ్ళు, భాషకి తడుముకునేవాళ్ళు, ఉద్యోగం వదిలి వచ్చినవాళ్ళు. కమ్యూనిటీ సెంటర్‌లో ఇంగ్లిష్ క్లాసులు జరుగుతాయి. పక్కనే 1960లలో మొదలైన తోట ఉంది, 500కు పైగా మడులు, వేసవిలో ఒక మడి అద్దెకి తీసుకుని కూరగాయలు వేసుకోవచ్చు. మే నెల సగం దాకా మంచు భయం ఉంటుంది, సెప్టెంబరు చివరికే చలి మొదలవుతుంది, ఆ నాలుగు నెలల్లో తోటకూర, మెంతికూర, గోంగూర, టమాటా బాగా వస్తాయి, బీరకాయకి మొక్క ముందే ఇంట్లో పెంచి నాటాలి. సాయంత్రం ఏడింటికి ఇంకా ఎండ ఉండగా ఒక చైనా తాతగారు పక్క మడిలో చిక్కుడు పాదుకి కర్రలు కడుతూ, మాట రాకపోయినా మీ పాదుకి కూడా ఎలా కట్టాలో చేత్తో చూపిస్తారు. ఉద్యోగం చేయలేని మనిషికి ఇలాంటి చోటు ఎంత ఆసరాగా ఉంటుందో ఇండియాలో కూర్చుని ఊహించడం కష్టం.

స్కూలు గురించి కొంచెం లెక్క ఉంది. ప్రభుత్వ స్కూళ్ళు వీసాతో పని లేకుండా పిల్లలందరికీ ఉచితం, 1982లో సుప్రీం కోర్టు తీర్పు ఆ మాట తేల్చింది. మీ అడ్రస్‌ని బట్టి స్కూలు వస్తుంది, కాబట్టి ఇల్లు ఎంచుకోవడం అంటే స్కూలు ఎంచుకోవడమే. ఈగిల్ హైట్స్ పిల్లలు షోర్‌వుడ్ హిల్స్ ఎలిమెంటరీకి వెళ్తారు, ఆల్బనీ విలేజ్ పిల్లలు ఆల్బనీ స్కూళ్ళకి వెళ్తారు, రెండు చోట్లా బయటి దేశాల పిల్లలని చూసి టీచర్లు కంగారు పడరు. సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్ళు నిండితే కిండర్‌గార్టెన్, ఇది విస్కాన్సిన్, కాలిఫోర్నియా, మిషిగన్ మూడింటిలోనూ అంతే. నాలుగేళ్ళ పిల్లలుంటే ఇంకా జాగ్రత్తగా చూడండి: మాడిసన్ స్కూళ్ళలో నాలుగేళ్ళకే ఉచిత తరగతి ఉంది, కాలిఫోర్నియాలో 2025-26 నుంచి సెప్టెంబరు 1కి నాలుగేళ్ళు నిండిన ప్రతి పిల్లకీ ట్రాన్సిషనల్ కిండర్‌గార్టెన్ (కిండర్‌గార్టెన్‌కి ముందు ఏడాది తరగతి) ఉచితం. డే కేర్‌కి నెలకి 1,500 డాలర్లు దాటడం యూనివర్సిటీ ఊళ్ళల్లో మామూలు కాబట్టి ఈ ఒక్క ఏడాది తేడా మీ బడ్జెట్‌ని మార్చేస్తుంది. ఒంటరిగా పిల్లాడిని పెంచుతూ చదివేవాళ్ళకైతే డే కేరే అసలు సమస్య, ఇల్లు తర్వాత. ఈగిల్ హైట్స్ కాలనీలోనే ఈగిల్స్ వింగ్ అని చైల్డ్ కేర్ ఉంది. ఇలాంటి చోట ఇంటి వెయిట్‌లిస్టులోనూ, డే కేర్ వెయిట్‌లిస్టులోనూ ఒకే రోజు పేరు రాయించండి, ఒకటి వచ్చాక రెండోది అనుకుంటే రెండూ చేజారతాయి.

ఒక హెచ్చరిక. ఈ కాలనీల్లో చేరాక ఎవరో ఒకరు అడుగుతారు, మా బాబుని పగలు చూసుకుంటారా, డబ్బులిస్తాం అని. లేదా పచ్చళ్ళు, టిఫిన్లు చేసి అమ్మమని మనవాళ్ళే అంటారు. ఎఫ్-2 మీద ఉన్నవాళ్ళు డబ్బు తీసుకుని ఏ పని చేసినా, ఇంట్లో కూర్చుని చేసినా, అది అనుమతి లేని ఉద్యోగమే. వీసా పోయే పని అది. ఒకరి పిల్లలని ఒకరు వంతులవారీగా ఉచితంగా చూసుకోవడం వేరు, దానికి ఇబ్బంది లేదు. జె-1 (ఎక్స్చేంజ్ విజిటర్ వీసా) మీద చదువుకి వచ్చినవాళ్ళ కుటుంబానికి మాత్రం దారి ఉంది, జె-2 వాళ్ళు వర్క్ పర్మిట్‌కి అప్లై చేసుకోవచ్చు.

అమ్మానాన్నలు వస్తే

బయటి ఇళ్ళకి ఎక్కువ మార్కులు పడేది ఇక్కడే. డెలివరీకి అమ్మో అత్తగారో రావడం మన ఇళ్ళల్లో తప్పనిసరి, విజిటర్ వీసా మీద సాధారణంగా ఆరు నెలల దాకా ఉంటారు. యూనివర్సిటీ ఇళ్ళల్లో గెస్ట్ రూల్ ఉంటుంది, కొన్ని రోజులు దాటితే అనుమతి కావాలి, కొన్నిచోట్ల సింగిల్ బెడ్రూమ్‌లో మూడో పెద్దమనిషిని అసలు ఒప్పుకోరు. చాలామంది చెప్పకుండా ఉంచేస్తారు, ఎవరూ అడగలేదు కాబట్టి ఏం కాదంటారు. అలా చేయొద్దు. బిడ్డ పుట్టిన నెలలో లీజ్ ఉల్లంఘన అని మెయిల్ వస్తే ఆ టెన్షన్ ఎవరు పడతారు? ముందే రాసి అడిగితే తల్లిదండ్రులని నమోదు చేసుకుని ఒప్పుకునే చోట్లున్నాయి. బయట కూడా లీజ్‌లో ఇన్ని రోజులకి మించి గెస్ట్ ఉండకూడదని క్లాజ్ ఉంటుంది, కాకపోతే మేనేజర్‌తో మాట్లాడుకోవడం కాస్త సులువు.

చదువు అయిపోయిన రోజు

యూనివర్సిటీ ఇంటికి అతి పెద్ద లోటు ఇదే, దీని గురించి ముందు ఎవరూ ఆలోచించరు. మీ అర్హత విద్యార్థిగా నమోదై ఉండటం. డిగ్రీ చేతికొచ్చి ఓపీటీ (చదువు అయ్యాక కొంతకాలం ఉద్యోగం చేయడానికి ఇచ్చే అనుమతి) మొదలయ్యాక మీరు విద్యార్థిగా నమోదై ఉండరు, కాబట్టి కొద్ది రోజుల్లోనో వారాల్లోనో ఖాళీ చేయమంటారు. ఉద్యోగం ఇంకా దొరకలేదు, ఏ ఊరు వెళ్ళాలో తెలియదు, పిల్ల స్కూలు మధ్యలో ఉంది, సరిగ్గా అప్పుడు ఇల్లు వెతకాలి. పీహెచ్‌డీకి వచ్చినవాళ్ళకి అయిదేళ్ళ తర్వాత ఒక్కసారి పడే కష్టం కాబట్టి భరించొచ్చు, అయితే కొన్ని చోట్ల మొత్తం ఇన్నేళ్ళే ఉండాలన్న పరిమితి కూడా ఉంటుంది, అది చూసుకోండి. ఏడాదిన్నర ఎంఎస్‌కి వచ్చిన జంటకి మాత్రం ఇది పెద్ద విషయమే. వెయిట్‌లిస్ట్‌లో ఒక సెమిస్టర్ పోతుంది, రెండు సెమిస్టర్లు ఉంటారు, మళ్ళీ మూట కట్టాలి.

బయట లీజ్‌కి ఆ గొడవ లేదు, అద్దె కట్టినన్నాళ్ళు ఇల్లు మీదే. కానీ అక్కడ వేరే చిక్కు. యూనివర్సిటీ ఊళ్ళల్లో లీజులన్నీ ఒకే రోజు మారతాయి. మాడిసన్‌లో క్యాంపస్ చుట్టుపక్కల ఎక్కువ లీజులు ఆగస్టు 14న అయిపోయి 15న మొదలవుతాయి, అంటే ఆ రాత్రి ఊళ్ళో సగం మంది విద్యార్థులకి ఇల్లుండదు. ఆ రెండు రోజుల్లో రోడ్డు పక్కన సోఫాలు, బల్లలు, పుస్తకాల అరలు వదిలేసి పోతారు, అవసరమైనవి తెచ్చుకోవచ్చు, పరుపూ గుడ్డ సోఫా మాత్రం ముట్టుకోవద్దు, నల్లులు పడితే ఆ ఖర్చు తట్టుకోలేరు. ఆగస్టు మొదటి వారంలో పిల్లలతో దిగేవాళ్ళు ఆ పది రోజులకి ఎక్కడుండాలో ముందే చూసుకోవాలి.

మిగతా దారులు

తెలుగువాళ్ళ ఇంట్లో బేస్‌మెంటో ఒక గదో తీసుకుని ఉండటం: మొదటి నెలకి మంచిది, అంతకు మించి వద్దు. లీజ్ మీ పేరు మీద ఉండదు, స్కూల్లో చేర్చడానికీ డ్రైవింగ్ లైసెన్స్‌కీ అడ్రస్ రుజువు అడిగితే చూపించడానికి కాగితం ఉండదు, వంటింట్లో మొహమాటాలు పెరుగుతాయి, ఎప్పుడు వెళ్ళమంటే అప్పుడు వెళ్ళాలి.

ముందు ఒక్కరే వెళ్ళి కుదురుకున్నాక కుటుంబాన్ని పిలిపించుకోవడం: ఎంఎస్‌కి, ముఖ్యంగా ఫండింగ్ లేకుండా వెళ్ళేవాళ్ళకి, ఇది తెలివైన పని. ఐ-20లో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) ఒక్కొక్క డిపెండెంట్‌కీ అదనంగా డబ్బు చూపించాలి, అది కూడా కొంత వెనక్కి జరుగుతుంది. కాకపోతే ఒక్కరే ఉన్నా ఫ్యామిలీ ఇళ్ళ వెయిట్‌లిస్ట్‌లో ఎప్పటి నుంచి పేరు పెట్టుకోనిస్తారో అడగండి, వాళ్ళు వచ్చాకే అంటే ఆ మధ్యకాలానికి సబ్‌లీజ్ (అద్దెకున్నవాళ్ళు తమ లీజ్‌లో కొంతకాలం మనకి ఇవ్వడం) చూసుకోవాలి.

ఫేస్‌బుక్‌లో, గ్రూపుల్లో దొరికే సబ్‌లీజ్‌లు: ఇల్లు వీడియో కాల్‌లో చూపించనివాళ్ళకి, ఇంటి యజమాని ఒప్పుకున్నట్టు కాగితం పంపనివాళ్ళకి ఒక్క డాలర్ కూడా వేయొద్దు. జెల్‌లో (అమెరికా బ్యాంకుల ద్వారా ఫోన్‌లో డబ్బు పంపే పద్ధతి) పంపిన డబ్బు మళ్ళీ వెనక్కి రావడం దాదాపు ఉండదు. తెలుగు పేరు చూసి నమ్మేయడం వల్ల మోసపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు.

మీ పరిస్థితిలో ఏది

ఫండింగ్‌తో పీహెచ్‌డీ, భార్యో భర్తో వెంట, పిల్లలున్నారు: యూనివర్సిటీ ఇల్లు. పాతదైనా, చిన్నదైనా, ఏసీ లేకపోయినా. అడ్మిషన్ లెటర్‌తో విద్యార్థి నంబర్ రాగానే, వీసా కోసం ఆగకుండా అప్లై చేయండి, వీసా రాకపోతే డిపాజిట్ తిరిగిస్తారా అన్నది అప్పుడే రాసి అడగండి.

పిల్లలు లేని జంట, ఎంఎస్: క్యాంపస్‌కి నడిచి వెళ్ళే దూరంలో లేదా మంచి బస్సు రూటు మీద బయట సింగిల్ బెడ్రూమ్, అదీ కుదిరితే ఇంకో తెలుగు జంట ఉన్న కాంప్లెక్స్‌లోనే. యూనివర్సిటీ ఇల్లు వెంటనే దొరికితే సరే, దాని కోసం ఒక సెమిస్టర్ ఎదురుచూడటం దండగ.

డాలస్ లాంటి చోట్ల చదివేవాళ్ళకి లెక్క వేరు. అక్కడ కారు లేకుండా బతుకు కష్టం, కానీ ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో వైపు మనవాళ్ళు, ఇండియన్ స్టోర్లు, గుళ్ళు, పిల్లలకి తెలుగు తరగతులు అన్నీ ఉన్నాయి. క్యాంపస్ కాలనీ ఇచ్చే తోడు అక్కడ బయటి అపార్ట్‌మెంట్‌లోనే దొరుకుతుంది. కాబట్టి ఒకరు రోజూ కారులో తిరగగలిగితే, రెండోవాళ్ళకి నడిచే దూరంలో మనుషులుండే కాంప్లెక్స్ చూసుకోండి. క్యాంపస్ దగ్గరని నిర్మానుష్యమైన చోట తీసుకోవద్దు.

నలభైకి దగ్గరపడి ఒంటరిగా చదువుకోవడానికి వెళ్ళేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ గురించి ఎవరూ రాయరు. పందొమ్మిదేళ్ళ పిల్లలతో ఫ్లాట్ పంచుకోవాల్సిన పని లేదు. చాలా యూనివర్సిటీల్లో గ్రాడ్యుయేట్ విద్యార్థులకే వేరే బ్లాకులున్నాయి, స్టూడియో దొరికితే కొంచెం ఎక్కువైనా తీసుకోండి.

గర్భంతో వెళ్ళేవాళ్ళు, లేదా ఏడాదిలో బిడ్డ కావాలనుకునేవాళ్ళు హౌసింగ్ ఆఫీస్‌కి ఒక్క మెయిల్‌లో ఇవన్నీ అడిగేయండి: బిడ్డ పుట్టాక సింగిల్ నుంచి డబుల్ బెడ్రూమ్‌కి మారడానికి మమ్మల్ని ముందు పెడతారా, మా అమ్మగారు ఎన్నాళ్ళు ఉండొచ్చు, లిఫ్ట్ లేని మూడో అంతస్తు కాకుండా కింద ఇల్లు ఇస్తారా. జవాబు సాధారణంగా కొద్ది రోజుల్లోనే వస్తుంది, అక్కడి ఆఫీసుల్లో మెయిల్‌కి జవాబివ్వడం వాళ్ళ పనిలో భాగం, విసుక్కుంటారేమోనని మొహమాటపడక్కర్లేదు.

ఆగస్టుకి దొరకలేదని వెయిట్‌లిస్ట్ నుంచి పేరు తీయించుకోవద్దు. డిసెంబరులో డిగ్రీలు అయిపోయి వెళ్ళేవాళ్ళ ఇళ్ళు జనవరికి ఖాళీ అవుతాయి, ఆ సమయంలో పోటీ కూడా తక్కువ. అందుకని ఈలోపు బయట సంతకం పెట్టేది పన్నెండు నెలల లీజ్ కాకుండా డిసెంబరు ఆఖరుకి అయిపోయే సబ్‌లీజ్ అయ్యేలా చూసుకోండి, సెమిస్టర్ ఎక్స్చేంజ్‌కీ ఇంటర్న్‌షిప్‌కీ వెళ్ళేవాళ్ళు అలాంటివి జూలైలో పెడుతుంటారు.